డైవర్టిక్యులైటిస్‌కి ఆపరేషన్: ఎన్ని అటాక్‌లు అన్నది అసలు లెక్క కాదు

"రెండోసారి వచ్చిందంటే ఇంక ఆపరేషన్ చేయించేసుకోవాలి బావగారూ, మూడోసారికి పేగు పగిలిపోద్ది." డైవర్టిక్యులైటిస్, అంటే పెద్దపేగు గోడకి పుట్టే చిన్న తిత్తుల వాపు, వచ్చి ఎడమవైపు పొత్తికడుపు నొప్పితో ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండి వచ్చిన మనిషిని పలకరించడానికి వెళ్లినవాళ్లలో ఒక్కరైనా ఈ మాట అనకుండా లేవరు. విశాఖలో గాజువాకైనా, పెదవాల్తేరైనా అంతే.

ఈ మాటలో మొదటి సగం సర్జన్ల దగ్గర్నుంచి వచ్చిందే. రెండు అటాక్‌లు దాటితే ఆ పేగు ముక్క తీసేయడం మంచిదని చాలా ఏళ్లపాటు డాక్టర్లకు నేర్పారు. అమెరికాలోని పెద్దపేగు సర్జన్ల సంఘం 2006లో ఆ లెక్కను పక్కన పెట్టి, ప్రతి రోగినీ విడిగా చూసి నిర్ణయించాలని చెప్పింది. రెండో సగమైతే వాస్తవానికి పూర్తిగా ఎదురు. పేగు పగిలి ఎమర్జెన్సీలో వచ్చేవాళ్లలో ఎక్కువమందికి అదే మొదటి అటాక్. మామూలు అటాక్‌లు రెండు మూడు వచ్చి తగ్గినవాళ్లకి తర్వాతిసారి పగిలే అవకాశం పెరగడం లేదు, తగ్గుతోంది. వాపు వచ్చి తగ్గిన ప్రతిసారీ చుట్టుపక్కల కొవ్వు, పొరలు ఆ చోటుకి అతుక్కుని అడ్డుగోడలా నిలబడతాయని దీనికి ఒక వివరణ ఇస్తారు. కాబట్టి పగులుతుందేమోనన్న భయంతో ఆపరేషన్ టేబుల్ ఎక్కాల్సిన పని చాలామందికి లేదు. ఆపరేషన్‌కి వేరే కారణాలున్నాయి. అవి భయం కంటే గట్టి కారణాలు.

ముందు జబ్బు సంగతి. వయసు పెరిగేకొద్దీ పెద్దపేగు గోడలో, రక్తనాళాలు లోపలికి దూరే చోట్ల, కండరం బలహీనపడుతుంది. లోపల ఒత్తిడి పెరిగినప్పుడు ఆ సందుల్లోంచి లోపలి పొర బయటికి ఉబికి చిన్న తిత్తిలా నిలబడిపోతుంది, అరిగిన సైకిల్ టైరు చీలికలోంచి ట్యూబు ఉబికినట్టు. ఈ తిత్తులే డైవర్టిక్యులా. కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) రిపోర్టులో 'డైవర్టిక్యులోసిస్' అని కనబడితే తిత్తులు ఉన్నాయని మాత్రమే అర్థం. దానికి టెన్షన్ అక్కర్లేదు, మందూ అక్కర్లేదు. తిత్తులున్న నూరుమందిలో ఐదుగురి లోపే ఎప్పుడో ఒకప్పుడు వాపు బారిన పడతారని ఇటీవలి లెక్కలు చెబుతున్నాయి. తిత్తి వాచి, ఇన్‌ఫెక్షన్‌తో నొప్పి, జ్వరం వస్తే అది డైవర్టిక్యులైటిస్.

పాశ్చాత్య దేశాల్లో ఇది దాదాపు ఎప్పుడూ ఎడమవైపు, మలాశయానికి కాస్త పైన ఉండే సిగ్మాయిడ్ భాగంలోనే వస్తుంది. ఆసియా వాళ్లలో కుడివైపు కూడా బాగానే కనిపిస్తుంది. కుడివైపు వస్తే మన దగ్గర ముందుగా అనుమానించేది 24 గంటల నొప్పిని, అంటే అపెండిసైటిస్‌ని. అపెండిక్స్ అనుకుని పొట్ట తెరిచాక, అపెండిక్స్ బాగానే ఉండి పక్కన పేగు తిత్తి వాచి కనబడడం సర్జన్లకి తెలిసిన అనుభవమే. అందుకే ఇప్పుడు కడుపునొప్పి ఏవైపు ఉన్నా, అనుమానం ఉన్నప్పుడు కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తున్నారు. వాపు ఎక్కడుంది, చీము గడ్డ కట్టిందా, గాలి బయటికి వచ్చిందా అన్నవి ఒక్క స్కాన్‌లో తేలతాయి. ఆపరేషన్ గురించి తర్వాత జరిగే ప్రతి నిర్ణయానికీ ఆ స్కానే పునాది.

స్కాన్ దగ్గర మన ప్రాంతానికి సంబంధించిన మెలిక ఒకటుంది. విశాఖ ఆసుపత్రులకి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం వైపు నుంచి చాలామంది వస్తారు. అక్కడ కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో ఉత్తరాంధ్రలో తెలియనివాళ్లు లేరు. కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు కిడ్నీ పనితీరు ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్‌ని రక్తంలో చూడాలి. ఆ రిపోర్టు ఇంట్లో ఉంటే వెంట తెచ్చుకోవడం, కిడ్నీ సమస్య ఉందని స్కాన్ గదిలో నోరు విప్పి చెప్పడం మంచిది. కడుపునొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వేయించుకున్న నొప్పి ఇంజెక్షన్ సంగతి కూడా చెప్పాలి. డైక్లోఫెనాక్ లాంటి మందులు కిడ్నీకి ఎలాగూ మంచివి కావు. పైగా ఆ జాతి నొప్పి మాత్రలు, స్టెరాయిడ్లు వాడేవాళ్లలో పేగు పగిలే ప్రమాదం ఎక్కువ. స్టెరాయిడ్లయితే నొప్పినీ జ్వరాన్నీ కప్పేస్తాయి కూడా. ఆస్తమాకో కీళ్లనొప్పులకో స్టెరాయిడ్ వాడే మనిషి పొట్ట మెత్తగా ఉన్నా లోపల పేగు పగిలి ఉండొచ్చు.

కత్తి అవసరం లేనివి

స్కాన్‌లో వాపు మాత్రమే ఉండి గడ్డ, చిల్లు లేకపోతే దాన్ని మామూలు రకం అంటారు. ఎక్కువమందిది ఇదే. దీనికి ఆపరేషన్ ప్రస్తావనే రాకూడదు. యాంటీబయాటిక్ కూడా అందరికీ అక్కర్లేదని స్వీడన్, ఐస్‌లాండ్‌లలో ఆరువందల మందికి పైగా రోగులతో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం చూపించింది. మందు వేసినవాళ్లూ వేయనివాళ్లూ ఒకేలా కోలుకున్నారు. నెదర్లాండ్స్‌లో 2017లో వచ్చిన అధ్యయనం కూడా అదే చెప్పింది. వేరే జబ్బులేమీ లేని ఆరోగ్యవంతుల సంగతి అది. షుగర్ అదుపులో లేనివాళ్లకీ, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకీ దాన్ని వర్తింపజేయకూడదు. మన దగ్గర సెలైన్ ఎక్కించకుండా, యాంటీబయాటిక్ రాయకుండా ఇంటికి పంపితే ఆ డాక్టరు ఏమీ చూడలేదని అనుకుంటారు. మందు రాయని డాక్టర్ని నమ్మడం మనకింకా అలవాటు కాలేదు.

గడ్డ కట్టినప్పుడు లెక్క మారుతుంది. మూడు సెంటీమీటర్లలోపు గడ్డ యాంటీబయాటిక్‌లతోనే కరిగిపోవచ్చు. అంతకంటే పెద్దదైతే, రేడియాలజిస్టు సీటీలోనో అల్ట్రాసౌండ్‌లోనో చూస్తూ చర్మం మీంచి సన్నని గొట్టం పెట్టి చీము బయటికి తీస్తారు. ఆసుపత్రిలో 'పిగ్‌టెయిల్ పెట్టాం' అనేది దీన్నే. పొట్ట కోయరు, మత్తు కూడా ఆ చోటు వరకే. రాత్రికి రాత్రి పేగు కోసి, మలం కోసం పొట్ట మీద బ్యాగ్ పెట్టాల్సిన ఎమర్జెన్సీని కొన్ని వారాల తర్వాత తీరిగ్గా చేసుకోగల ఆపరేషన్‌గా మార్చేస్తుందీ గొట్టం. డైవర్టిక్యులైటిస్ వైద్యంలో ఇంత చిన్న పనికి ఇంత పెద్ద లాభం ఇచ్చేది మరొకటి లేదని నా అభిప్రాయం. అన్ని ఆసుపత్రుల్లోనూ ఇది చేసే రేడియాలజిస్టు ఉండరు. చిన్న నర్సింగ్ హోమ్‌లో గడ్డ ఉందని తేలి, 'రాత్రికే ఆపరేషన్' అంటే, మనిషి నిలకడగా ఉన్నప్పుడు 'గొట్టంతో తీయడానికి వీలవుతుందా, అది ఎక్కడ చేస్తారు' అని అడగడంలో తప్పేం లేదు.

పేగు పగిలినప్పుడు

పొట్ట అంతా చెక్కలా గట్టిపడి, ముట్టుకోనివ్వకుండా నొప్పి, నాడి వేగంగా, బీపీ పడిపోతూ ఉంటే ఆలోచించడానికి గంటల కంటే ఎక్కువ సమయం ఉండదు. మాంట్రియల్ సర్జన్ హించీ 1978లో ఈ పరిస్థితుల్ని నాలుగు మెట్లుగా విడగొట్టారు. మొదటిది పేగు పక్కనే చిన్న గడ్డ, రెండోది కటి భాగంలో పెద్ద గడ్డ, మూడోది పొట్టంతా చీము, నాలుగోది పొట్టలోకి మలమే వచ్చేయడం. రౌండ్స్‌లో డాక్టర్లు 'హించీ త్రీ' అనుకుంటే మీరు విన్నది ఇదే. మొదటి రెండింటికీ మందు, గొట్టం. చివరి రెండింటికీ దాదాపు ఎప్పుడూ ఆపరేషనే.

ఆపరేషన్‌లో పాడైన సిగ్మాయిడ్ ముక్కను తీసేస్తారు. అంతవరకూ వివాదం లేదు. మిగిలిన రెండు కొసల్ని ఏం చేయాలన్నదే ప్రశ్న. పారిస్ సర్జన్ ఆన్రీ హార్ట్‌మన్ 1921లో క్యాన్సర్ రోగుల కోసం ఒక పద్ధతి చెప్పారు. కింది కొసను కుట్టేసి లోపలే వదిలేయడం, పై కొసను పొట్ట మీదికి తెచ్చి రంధ్రంగా తెరిచి బ్యాగ్ తగిలించడం. ఈ పద్ధతి డైవర్టిక్యులైటిస్‌కి వాడుకలోకి రాకముందు పేగు పగిలిన రోగికి మూడు విడతలుగా కత్తి పెట్టేవారు. మొదట పై భాగంలో మలం దారి మళ్లించడం, తర్వాత పాడైన ముక్క తీయడం, ఆ తర్వాత రంధ్రం మూసేయడం. చెడిన ముక్క మొదటి విడతలో లోపలే ఉండిపోయేది కాబట్టి ఇన్‌ఫెక్షన్ ఆరేది కాదు. హార్ట్‌మన్ పద్ధతి ఆ ముక్కను మొదటి రోజే తీసేస్తుంది, చీములో కుట్టు వేసి అది నిలుస్తుందా అని భయపడాల్సిన పనీ ఉండదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి, అనుభవం తక్కువున్న సర్జన్ చేతిలో, అర్ధరాత్రి చేసినా నిలబడే ఆపరేషన్ అది. వందేళ్లయినా వాడుకలో ఉండడానికి కారణం అదే.

దాని అసలు ఖరీదు తర్వాత తెలుస్తుంది. బ్యాగ్ తాత్కాలికం అనే చెబుతారు. తీయాలంటే మళ్లీ పెద్ద ఆపరేషన్. అతుకులు పడ్డ పొట్టలో కుట్టేసి వదిలిన కింది కొసను వెతికి పట్టుకుని, పై కొసతో కలపాలి. వయసు, గుండె జబ్బు, భయం, డబ్బు, ఇలా ఏదో ఒక కారణంతో ఆ రెండో ఆపరేషన్ వాయిదా పడుతూ పోతుంది. మొదట తాత్కాలికమని పెట్టిన బ్యాగ్ మూడోవంతు దాకా రోగులకు జీవితాంతం ఉండిపోతుంది.

అందుకే రెండో దారి వచ్చింది. చెడిన ముక్క తీసి, రెండు కొసల్నీ ఆ పూటే కలిపేయడం, ఆ అతుకు మానేదాకా మలం దాని మీదుగా పోకుండా పైన చిన్నపేగు మడతను పొట్ట మీదికి తెచ్చి తాత్కాలికంగా బ్యాగ్ తగిలించడం. దీన్ని లూప్ ఇలియోస్టమీ అంటారు. ఇదీ బ్యాగే కదా అనుకోవచ్చు. కానీ దీన్ని మూయడం చిన్న ఆపరేషన్, ఆ రంధ్రం చుట్టూ కోసి మూసేయడమే. చాలాసార్లు రెండు మూడు నెలల్లో అయిపోతుంది. నెదర్లాండ్స్ నేతృత్వంలో ఈ రెండు పద్ధతుల్నీ పోల్చిన, 'లేడీస్' అనే పేరున్న అధ్యయనం 2019లో వెలువడింది. ఏడాది తర్వాత చూస్తే, వెంటనే అతికించినవాళ్లలో దాదాపు 95 శాతం మంది బ్యాగ్ లేకుండా బతికి ఉన్నారు, హార్ట్‌మన్ చేయించుకున్నవాళ్లలో దాదాపు 72 శాతం. అయితే ఆ అధ్యయనంలో చేర్చుకున్నది బీపీ నిలకడగా ఉన్నవాళ్లని, రోగనిరోధక శక్తి దెబ్బతిననివాళ్లని మాత్రమే. షాక్‌లో ఉన్న మనిషికి ఈ అంకెలు చూపించి సర్జన్‌తో వాదించకూడదు. అలాంటివాళ్లకి కొన్నిచోట్ల ముక్క తీసేసి, కొసలు మూసి, పొట్టను తాత్కాలికంగా కప్పి ఐసీయూకి పంపుతారు. ఒకటి రెండు రోజుల్లో మనిషి కుదుటపడ్డాక మళ్లీ తీసుకెళ్లి అతికించాలో బ్యాగ్ పెట్టాలో అప్పుడు నిర్ణయిస్తారు. ఒక రోగి వారంలో రెండుసార్లు థియేటర్‌కి వెళ్లాడంటే మొదటిది ఫెయిలైందని కాదు. అది ముందే అనుకుని చేసినది కావచ్చు.

మూడో దారి మీద పదేళ్ల కింద చాలా ఆశ పెట్టుకున్నారు. లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి, లోపలికి వెళ్లి, పేగును కోయకుండా, లీటర్ల కొద్దీ సెలైన్‌తో పొట్ట కడిగి, గొట్టాలు పెట్టి వచ్చేయడం. చీము ఉన్నవాళ్లకే ఇది, మలం వచ్చేసినవాళ్లకి పనికిరాదు. కోత లేదు, బ్యాగ్ లేదు. వినడానికి ఇంత హాయిగా ఉన్నది నిజంగా పనిచేస్తే ఎవరికి చేదు? పైన చెప్పిన లేడీస్ అధ్యయనంలోనే కడగడాన్ని పరీక్షించిన భాగాన్ని మధ్యలో ఆపేయాల్సి వచ్చింది, కడిగినవాళ్లలో తీవ్రమైన ఇబ్బందులు ఎక్కువ కావడంతో. స్వీడన్, నార్వేల్లో జరిగిన మరో అధ్యయనం 2015లో వచ్చింది. అందులో కడిగినవాళ్లకి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం ఎక్కువైంది, కొందరిలో ఆ చిల్లు వెనక దాగిన క్యాన్సర్ తప్పిపోయింది. అమెరికా సర్జన్ల 2020 మార్గదర్శకాలు చీము పొట్టకి కడగడం కంటే ముక్క తీయడమే మేలని చెబుతున్నాయి. యూరప్‌లో ఎంపిక చేసిన కొందరికి ఇంకా చేస్తున్నారు. 'కడిగేస్తే చాలు' అని ఎవరైనా తేలిగ్గా అంటే, ఎవరికి, ఎందుకు అని అడగండి.

బ్యాగ్‌తో ఇంట్లో

ఆపరేషన్ గురించి కుటుంబాలు అడిగే మొదటి ప్రశ్న బ్రతుకుతాడా అని, రెండోది బ్యాగ్ గురించి. 'పొట్ట మీద బ్యాగ్' అనగానే ఇంట్లో గొంతులు తగ్గిపోతాయి. పెళ్లిళ్లకి వెళ్లడం మానేసినవాళ్లు, ఆఖరికి పక్కింటివాళ్లకి కూడా చెప్పనివాళ్లు ఉన్నారు. ఇక్కడ ఎవరూ చెప్పని ఆచరణ సంగతి కొంత చెప్పాలి.

విశాఖ ఉక్కపోతలో చెమటకి బ్యాగ్ ప్లేటు అంచులు త్వరగా లేచిపోతాయి. చర్మం పూర్తిగా ఆరాకే అతికించాలి, రంధ్రం కొలతకి సరిగ్గా కత్తిరించాలి. పెద్దగా కత్తిరిస్తే ద్రవం చర్మానికి తగిలి పుండు పడుతుంది. రంధ్రం ఎక్కడ పెట్టాలో ఆపరేషన్‌కి ముందే, మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, లుంగీ కట్టు, చీర కుచ్చిళ్లు, ప్యాంటు బెల్టు ఎక్కడ పడతాయో చూసి గుర్తు పెట్టాలి. ఎమర్జెన్సీలో ఇది కుదరకపోవచ్చు. ముందే అనుకున్న ఆపరేషన్‌లో మాత్రం సర్జన్‌ని గుర్తు పెట్టమని అడగాలి. ఐదు నిమిషాల పని, నెలల తరబడి సుఖం.

హార్ట్‌మన్ బ్యాగ్‌లో వచ్చేది దాదాపు మామూలు మలమే. లూప్ ఇలియోస్టమీ బ్యాగ్‌లో నీళ్లలా వస్తుంది. దాంతో పాటు ఒంట్లో ఉప్పు పోతుంది. రోజుకి లీటరున్నర దాటితే నీరసం, కాళ్లు తిమ్మిర్లు, మూత్రం తగ్గడం, ఆఖరికి కిడ్నీ దెబ్బతినడం. మే నెల ఎండల్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. ఉద్దానం నుంచి వచ్చిన మనిషికి, కిడ్నీ అసలే బలహీనంగా ఉంటే, అతికించి ఇలియోస్టమీ పెట్టడమా హార్ట్‌మన్ చేయడమా అన్న నిర్ణయంలో ఈ సంగతి కూడా తూకంలోకి రావాలి. నీళ్లు ఎక్కువ తాగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, ఉత్త నీళ్లు తాగితే ఉప్పు ఇంకా పోతుంది. కొబ్బరి నీళ్లలో పోయిన సోడియం చాలినంత లేదు, పొటాషియం ఎక్కువ. కిడ్నీ రోగికి అది మంచిది కాదు. కావాల్సింది ఓఆర్‌ఎస్, అదీ డాక్టర్ చెప్పిన లెక్కన.

ముందే అనుకుని చేసే ఆపరేషన్

అటాక్ తగ్గి ఇంటికి వచ్చేశారు. ఇప్పుడు ఎవరికి ఆపరేషన్? పేగుకీ మూత్రాశయానికీ మధ్య దారి పడినవాళ్లకి తప్పనిసరి. మూత్రంలో గాలి బుడగలు రావడం, మురికి కనబడడం, ఎన్ని మందులు వాడినా మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తిరిగి రావడం దీని గుర్తులు. ఇది ఎక్కువగా మగవాళ్లలో, గర్భసంచి తీసేసిన ఆడవాళ్లలో కనిపిస్తుంది. గర్భసంచి ఉంటే అది మధ్యలో అడ్డుగా ఉంటుంది. యూరాలజిస్టు దగ్గర నెలల తరబడి తిరిగి, చివరికి జబ్బు పేగులో ఉందని తేలడం అరుదేం కాదు. పేగు ఇరుకై మలం దారి మూసుకుపోయేవాళ్లకీ ఆపరేషనే. పెద్ద గడ్డ కట్టి గొట్టంతో తగ్గినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, వాళ్లకి ఆలోచించి చెబుతారు. కిడ్నీ మార్పిడి లాంటివి జరిగి రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ల విషయంలో త్వరగా మొగ్గు చూపుతారు, వాళ్లకి తర్వాతి అటాక్ పగిలేది కావొచ్చు. వయసు యాభై లోపు ఉందన్న ఒక్క కారణంతో చేయాల్సిన పని లేదు.

మిగిలిన పెద్ద గుంపు మామూలు అటాక్‌లు పదే పదే వచ్చేవాళ్లు, అటాక్ తగ్గినా నొప్పి పోనివాళ్లు. వీళ్ల విషయంలో ప్రశ్న ప్రాణం గురించి కాదు, బతుకు నాణ్యత గురించి. ఏడాదికి రెండుసార్లు సెలవు పెట్టాల్సి వస్తోందా, బస్సెక్కాలంటే భయంగా ఉందా, అన్నం ముందు కూర్చుంటే ఏం తినాలో తెలియడం లేదా. 2017లో వచ్చిన డచ్ డైరెక్ట్ అధ్యయనం ఇలాంటివాళ్లని రెండుగా విడగొట్టి చూసింది. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల జీవితం ఆరు నెలలకే స్పష్టంగా మెరుగైంది. మందులతో నెట్టుకొచ్చినవాళ్లలో దాదాపు సగం మంది ఐదేళ్లలో చివరికి ఆపరేషన్‌కే వచ్చారు. ఫిన్లాండ్‌లో 2021లో వచ్చిన లేజర్ అధ్యయనమూ అటే మొగ్గింది. పేరు చూసి లేజర్ చికిత్స అనుకోకండి, అధ్యయనానికి పెట్టుకున్న పేరు మాత్రమే.

ఇంత మేలున్నప్పుడు అందరికీ చేసేయొచ్చు కదా? డైరెక్ట్ అధ్యయనంలోనే ఆపరేషన్ చేయించుకున్న పదిమందిలో ఒకరికి పైగా అతుకు లీకైంది. లీకైతే మళ్లీ థియేటర్, బ్యాగ్, ఐసీయూ. నిపుణుల చేతిలో సాధారణంగా ఇంత ఉండదు, కానీ సున్నా మాత్రం ఎప్పుడూ ఉండదు. అందుకే ఇక్కడ సర్జన్ మాట కంటే రోగి మాటకి విలువ ఎక్కువ ఉండాలని నేననుకుంటాను. ఆ నొప్పితో ఎలా బతుకుతున్నదీ ఆ మనిషికే తెలుసు. మన ఇళ్లలో ఈ నిర్ణయం తరచుగా కొడుకులు, అల్లుళ్లు తీసుకుంటారు. నొప్పి పడే ఆవిడ పక్కన కూర్చుని తలూపుతుంది.

అటాక్ తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి కొలనోస్కోపీ చేయాలి, ఇటీవల చేయించుకోనివాళ్లకి. వాపు వెనక క్యాన్సర్ దాగలేదని చూసుకోవడానికి. వాపు మీద ఉండగా చేస్తే పగిలే ప్రమాదం, అందుకే ఆ ఆగడం. ఆపరేషన్ కూడా సాధారణంగా ఆరు వారాలు దాటాకే. ఈలోగా సిగరెట్, చుట్ట పూర్తిగా మానాలి, షుగర్ అదుపులోకి రావాలి. అతుకు మానడానికి రక్తప్రసరణ ముఖ్యం, పొగాకు దాన్నే దెబ్బతీస్తుంది. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) అలవాటున్న ఉత్తరాంధ్ర పెద్దమ్మలకి కూడా ఇదే మాట.

థియేటర్‌లో రెండు విషయాలు ఫలితాన్ని నిర్ణయిస్తాయి. ఎక్కడ కోశారు, ఎక్కడ కలిపారు. తిత్తులున్న ప్రతి అంగుళం తీయనక్కర్లేదు. పైన మెత్తగా, వాపు లేని పేగు దొరికే చోట కోస్తారు. కింద మాత్రం రాజీ లేదు. సిగ్మాయిడ్ ముక్కేదీ మిగలకుండా, మలాశయం పైభాగానికే కలపాలి. సిగ్మాయిడ్‌లో కొంచెం వదిలేసి దానికే కలిపితే జబ్బు మళ్లీ రావడం ఎక్కువ. పై కొస లాగుడు లేకుండా అందడానికి ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం దగ్గరున్న పేగు మలుపును విడదీసి కిందికి దించాల్సి రావచ్చు. ఆ పని శ్రమతో కూడినది, కొందరు తప్పించుకోవాలని చూసేది. 'మలాశయానికే కలుపుతారా' అన్న ఒక్క ప్రశ్న అడిగితే, ఈ ఆపరేషన్ మీద సర్జన్‌కి ఎంత పట్టుందో చాలావరకు తెలిసిపోతుంది.

లాపరోస్కోపీతో చేస్తే నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా వెళ్లొచ్చు, కోత దగ్గర ఇన్‌ఫెక్షన్, హెర్నియా తక్కువ. ఎమర్జెన్సీ కాని ఆపరేషన్‌కి అదే మంచి దారి. రోబో ఉంటే ఇరుకు కటి భాగంలో సర్జన్‌కి కాస్త సౌకర్యం, రోగికి దానివల్ల అదనంగా కలిగే లాభం తక్కువే. వాపు గట్టిగా అంటుకుపోయి, మూత్రనాళం ఎక్కడుందో కనబడకపోతే మధ్యలో ఓపెన్‌కి మారతారు. దాన్ని వైఫల్యంగా చూడకూడదు.

ఆపరేషన్ తర్వాత కూడా నూటికి ఐదారుగురి నుంచి పన్నెండు మంది దాకా మళ్లీ డైవర్టిక్యులైటిస్ రావచ్చు. నలుగురిలో ఒకరి దాకా కడుపునొప్పి, ఉబ్బరం మిగిలే ఉంటాయి. ఆ నొప్పి తిత్తి వల్ల కాకుండా పేగు సున్నితత్వం వల్ల వచ్చేది అయినప్పుడు ఏ సర్జన్ కత్తీ దాన్ని తీయలేదు. కుడివైపు రకానికైతే ఇంతదూరం రావాల్సిన అవసరమే అరుదు. యాంటీబయాటిక్‌లతో తగ్గిపోతుంది, మళ్లీ రావడమూ తక్కువ. క్యాన్సర్ అనుమానం తీరకపోతేనో, పగిలితేనో అక్కడి ముక్క తీస్తారు.

ఆహారం విషయంలో పల్లీలు, నువ్వులు, జామ గింజలు తిత్తుల్లో ఇరుక్కుంటాయని చెప్పి మాన్పించేవాళ్లు ఇంకా ఉన్నారు. గింజలు, పాప్‌కార్న్ తినేవాళ్లలో ప్రమాదం పెరగలేదని అమెరికాలో మగవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2008లోనే తేల్చింది. అటాక్ రోజుల్లో మెత్తని ఆహారం, తగ్గాక పీచు ఉన్న మామూలు భోజనం. నువ్వుండలు కూడా తినొచ్చు.

మన ఊళ్లో

విశాఖలో ఈ ఆపరేషన్లు చేసే చోట్లు చాలానే ఉన్నాయి. 1923 నుంచి ఉన్న కేజీహెచ్, జనం మాటలో పెద్దాసుపత్రి, శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి, సరిహద్దు దాటి ఒడిశా నుంచి వచ్చే ఎమర్జెన్సీలని మోస్తూనే ఉంది. హనుమంతవాక దగ్గర ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్, ఆరిలోవ వైపు హెల్త్ సిటీలో ప్రైవేటు ఆసుపత్రులు ఉన్నాయి. దూరం నుంచి వచ్చేవాళ్లకి సమస్య ఆసుపత్రి దొరకకపోవడం కాదు, ఆలస్యం. ఊళ్లో ఇంజెక్షన్, మండలంలో సెలైన్, జిల్లా కేంద్రంలో స్కాన్ లేదని మళ్లీ ప్రయాణం. గొట్టంతో పోయే గడ్డ ఈ మజిలీల్లో పగిలిన పేగుగా మారవచ్చు. జ్వరంతో కూడిన కడుపునొప్పి ఒక రోజు దాటితే స్కాన్ ఉన్న చోటికే నేరుగా వెళ్లడం మేలు.

ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను మొదటి రోజే మూడు ప్రశ్నలు అడగాలి. ఈ ఆపరేషన్ పథకంలో వస్తుందా, బ్యాగ్ తీసే రెండో ఆపరేషన్‌కి విడిగా అనుమతి తీసుకోవాలా, నెలనెలా బ్యాగుల ఖర్చు ఎవరిది. మూడో ప్రశ్న ఎవరూ అడగరు, బ్యాగులేమో రోజూ కావాలి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కూడా అదే అడగాలి.

డిశ్చార్జి కాగితం తీసుకునేటప్పుడు ఎమర్జెన్సీ ఆపరేషన్ అయినవాళ్లు ఒక్కసారి చదివి చూసుకోవాలి. ఎంత పేగు తీశారు, కింది కొసను ఏ ఎత్తులో మూసి దేనికి కుట్టారు, అతికించి ఉంటే ఆ అతుకు మలాశయానికా సిగ్మాయిడ్‌కా, బ్యాగ్ చిన్నపేగుదా పెద్దపేగుదా, బయాప్సీ రిపోర్టు ఎప్పుడు వస్తుంది. చాలా కాగితాల్లో 'లాపరాటమీ (పొట్ట తెరిచే ఆపరేషన్) చేశారు, పేషెంట్ బాగున్నారు' అనే రెండు ముక్కలే ఉంటాయి. ఆర్నెల్ల తర్వాత బ్యాగ్ మూయడానికి వేరే ఊళ్లో వేరే సర్జన్ దగ్గరికి వెళితే, ఆయన పొట్ట తెరిచి ఆ కొస కోసం వెతుక్కోవాలి. ఆపరేషన్ నోట్ జిరాక్స్, స్కాన్ సీడీ, బయాప్సీ కాగితం, మూడూ ఒకే కవర్లో పెట్టుకోండి. ఆపరేషన్ నోట్ ఇవ్వమని అడిగితే కొన్నిచోట్ల మొహం చిట్లిస్తారు. అయినా అడిగి తీసుకోండి.